అమ్మ చెప్పిన అజంతా

మొన్న మా మనవరాలు ఫోన్ చేసి, ఈ శనివారం విమానంలో వెళ్లి అజంతా చూసుకుని ఆదివారం రాత్రికల్లా ఇంటికొచ్చేస్తానని, సందు చివర కూరగాయల బజారుకి వెళ్లొస్తానన్నంత తేలిగ్గా చెప్పింది. నేను అలవాటు చొప్పున, దారిలో తినడానికి ఏం పట్టుకెళ్తున్నావే అని అడిగాను. అది పకపకా నవ్వి, పులిహోర తీసుకెళ్లడానికి ఇదేమైనా మీ కాలపు మెయిలు బండా అమ్మమ్మా అంది. నవ్వితే నవ్వింది. అజంతా అన్న మాట చెవిన పడితే చాలు, నాకు ముందు గుర్తొచ్చేది ఆ గుహలు కావు, ఖరగ్‌పూర్ రైల్వే క్వార్టర్లో మా వంటింటి గోడా, దాని ముందు పిండి చేతులతో నిలబడ్డ మా అమ్మా.

మా నాన్న ఖరగ్‌పూర్ రైలు కార్ఖానాలో ఫిట్టరు. శ్రీకాకుళం వైపు నుంచి మా తాత కాలంలోనే అక్కడికి చేరి, బెంగాలీల మధ్య తెలుగు మాట్లాడుకుంటూ బతికిన వందలాది కుటుంబాల్లో మాదీ ఒకటి. మన తరంలో రైల్వే ఇళ్లలో పుట్టినవాళ్లకి పాస్ గురించి చెప్పక్కర్లేదు గానీ, తక్కినవాళ్ల కోసం చెబుతాను. ఏడాదికి కొన్నిసార్లు కుటుంబమంతా టిక్కెట్టు లేకుండా దేశంలో ఎక్కడికైనా వెళ్లి రావడానికి కార్ఖానా వాళ్లు రాసిచ్చే కాగితం అది. అందులో నాన్న పేరూ, అమ్మ పేరూ, పెళ్లికాని పిల్లల పేర్లూ ఉండేవి. ఆడపిల్లకి పెళ్లయిందంటే, ఆ ఏడాది నుంచి దాని పేరు పాస్‌లోంచి పోయినట్టే. నేను ఒక్కర్తినే సంతానం కాబట్టి మా పాస్ మీద మూడే పేర్లు.

దేశమంతా తిరగగలిగే ఆ కాగితంతో మావాళ్లు చేసే పని ఏమిటంటే, పెళ్లికీ పుట్టువెంట్రుకలకీ చావుకీ దినానికీ మళ్లీ మళ్లీ అదే సొంతూరికి పోవడం. ఇది అమ్మకి అస్సలు మింగుడుపడేది కాదు. సర్కారోడు దేశమంతా సూడమని కాగితం రాసిస్తే, అది పట్టుకుని ఎప్పుడూ పలాసలోనే దిగుతారేటి అని నాన్నని దెప్పేది. నాన్న నెమ్మదస్తుడు. చుట్ట ఆర్పి పక్కన పెట్టి, పలాసలో మనవాళ్లున్నారు, తక్కిన ఊళ్లల్లో ఎవరున్నారు అని జవాబిచ్చేవాడు. ఈ సంవాదం మా ఇంట్లో ఏటా ఉగాదికీ దసరాకీ తప్పనిసరిగా జరిగేది.

అమ్మకి ఆ తపన ఎక్కడిదంటే, ఆమె చేతిలో కాస్త బొమ్మలు వేసే విద్య ఉండేది. ఖరగ్‌పూర్‌లో తెలుగువాళ్ల ఇంట పెళ్లంటే ఐరేణి కుండలు, అంటే పెళ్లిలో పూజకి పెట్టే ఆ రంగుల కుండలు, అమ్మ చేతిమీదుగా రావలసిందే. సున్నం పూసిన కుండల మీద చిలకలూ, ఏనుగులూ, పల్లకీ మోసే బోయీలూ, దోసిలి పట్టిన పెళ్లికూతురూ అన్నీ వేసేది. అన్నీ కుదిరేవి గానీ చేతివేళ్లు మాత్రం కుదిరేవి కావు. నేను ఏలు గీస్తే బెండకాయైపోతంది అని విసుక్కుంటూ, తడిగుడ్డతో చెరిపి మళ్లీ గీసేది, మళ్లీ చెరిపేది. ఒక ఏడాది గోల్ బజార్ బట్టల కొట్టువాడు మాకొక కాలెండరు ఇచ్చాడు. దాని మీద అజంతా గోడమీది బొమ్మ, కిరీటం పెట్టుకుని తల వంచి, వేళ్ల మధ్య తామరపువ్వు పట్టుకున్న రాజకుమారుడిది. ఏడాది అయిపోయాక అమ్మ తారీకులు కత్తిరించేసి, ఆ బొమ్మని అట్టకి అంటించి వంటింట్లో పెట్టుకుంది. రొట్టెలు వత్తుతూ మధ్యలో లేచి వెళ్లి ఆ వేళ్లకేసి చూసేది. అచ్చులో ఏం తెలుస్తుంది, కుంచె ఎక్కడ ఆనించాడో, ఎక్కడ ఎత్తాడో అసలు గోడమీద చూస్తే గానీ తెలియదు అనేది. అంతే, అజంతా వెళ్లి ఆ వేళ్లు చూడాలన్నది ఆమె బతుకులో ఒకే ఒక్క కోరికై కూర్చుంది.

పట్టుదల మనిషి కదా, ముందు దగ్గర ఊళ్లతో మొదలుపెట్టింది. కలకత్తా జాదూఘర్‌కి, అంటే అక్కడి మ్యూజియానికి, మమ్మల్ని లోకల్ బండిలో లాక్కెళ్లింది. అంత పెద్ద భవనం ముందు యూనిఫాం వేసుకున్న మనిషి కనబడేసరికి, మా నాన్న చేయి దానంతట అది జేబులోకి పోయి పాస్ తీసి అతనికి చూపించింది. జీవితమంతా గేటు దగ్గర నిలబడ్డ ప్రతి మనిషికీ పాస్ చూపించి అలవాటైపోయిన చేయి మరి. ఆ బెంగాలీ ఆయన దాన్ని అటూ ఇటూ తిప్పి, మా ముగ్గురి పేర్లూ గంభీరంగా చదివి, ఇది ఇక్కడ అక్కర్లేదు దాదా అని భద్రంగా మడిచి ఇచ్చాడు. నాన్న ఠీక్ హై అన్నాడు. అమ్మ లోపల రాతి బొమ్మల ముందుకి వచ్చేదాకా నవ్వు ఆపుకోలేకపోయింది. ఇంకోసారి సొంతూరు వెళ్లే దారిలోనే భువనేశ్వర్‌లో దింపించి గుళ్ల గోడలు చూపించింది. గుళ్లో దేవుడికి దణ్ణం పెట్టకుండా బయట గోడల చుట్టూ తిరిగే మనిషిని అక్కడి పూజారి అనుమానంగా చూశాడు.

అసలు కష్టం అజంతాతోనే వచ్చింది. ఖరగ్‌పూర్‌లో బొంబాయి మెయిలెక్కితే జలగాంలో దిగి బస్సు పట్టుకోవచ్చు. ఒకటే బండి, మధ్యలో మారే పని కూడా లేదు. ఏమిటి అడ్డం అంటే, మా రైల్వేవాళ్ల మర్యాద. మావాళ్లు అప్పటికే రాయ్‌పూర్‌లోనూ నాగ్‌పూర్‌లోనూ ఉద్యోగాల మీద స్థిరపడి ఉన్నారు. వాళ్ల ఊరి మీదుగా బండిలో పోతున్నామంటే ముందుగా కార్డు ముక్క రాయాలి, వాళ్లు స్టేషనుకి క్యారియర్లో అన్నం పట్టుకు రావాలి, బండి ఆగిన ఆ కాసేపట్లో కిటికీలోంచి క్యారియరూ క్షేమసమాచారాలూ మార్చుకోవాలి. చెప్పకుండా దాటిపోయారని తెలిస్తే ఏళ్ల తరబడి మాటలుండవు. నాన్న మొదటిసారి ఆ మర్యాద ప్రకారమే రాయ్‌పూర్‌లో ఉన్న మా అత్తకి, అంటే తన అక్కకి, కార్డు రాశాడు. బండి ఆగగానే అత్త అన్నం క్యారియర్ లేకుండా ఒట్టి చేతులతో పెట్టెలోకి ఎక్కి, మా పరుపుచుట్టా ట్రంకు పెట్టే తానే ప్లాట్‌ఫారం మీదికి విసిరేసింది. మా ఊరి మీదుగా పోతా గడప తొక్కవేటిరా తమ్ముడా, నేను సచ్చిపోయినానా అంది. ఆ మాట తరవాత బండిలో కూర్చునే ధైర్యం ఎవరికుంటుంది చెప్పండి. నాన్న సెలవంతా అత్త చేతి వంటలతోనే అయిపోయి, అక్కణ్ణుంచే వెనక్కి తిరిగాం.

అమ్మ మొహం చూసి అత్తకీ మనసు చివుక్కుమని, మా ఊళ్లోనూ ఏదో బొమ్మల బంగళా ఉందటగా, పద చూద్దాం అని తీసుకెళ్లింది. అన్నేళ్లుగా ఆ ఊళ్లో ఉండి ఆవిడ దాన్ని చూడలేదు. అమ్మ ఒక్కో రాతి విగ్రహం దగ్గరా ఆగి చేతులు చూస్తూంటే, అత్త చల్లగా ఉందని నేలమీద చతికిలబడి కునుకు తీసింది. ఇప్పుడు ఏ మ్యూజియానికి వెళ్లినా, ఏదైనా మూల ఎవరైనా కూర్చుని కునుకుతుంటే నాకు అత్తే అనిపిస్తుంది.

రెండోసారి రాయ్‌పూర్ అత్తని ముందుగానే బతిమాలి ఒప్పించి దాటాం గానీ, నాగ్‌పూర్‌లో మా చిన్నాన్న పట్టుకున్నాడు. ఆయన నాన్నకి తమ్ముడు, అక్కడ స్టేషన్లో ఆగిన బండ్ల కింద సుత్తితో చక్రాలు కొట్టి చూసే ఉద్యోగం. కొత్తగా పెళ్లయిన రోజులు. కొత్తకోడల్ని చూడకుండా ఎలా వెళ్తారని ఆయన, వెళ్తే నేను అన్నం ముట్టనని పిన్ని. దిగాం. పిన్ని నాకంటే నాలుగైదేళ్లే పెద్ద, నవ్వుతూ తుళ్లుతూ ఉండే పిల్ల. అజబ్ బంగ్లా అని అక్కడివాళ్లు పిలిచే మ్యూజియానికి అమ్మ చెయ్యి పట్టుకుని తీసుకెళ్లి, గడ్డి కూరిన పులిని చూసి భయపడ్డట్టు నటించి అమ్మని నవ్వించింది. ఆ సాయంత్రం మా తోడికోడలు మంచిది, అందుకే కోపం రాలేదు అంది అమ్మ. ఆ సంవత్సరమూ అజంతా అలాగే ఉండిపోయింది.

తరవాతి ఏడాది నాకు సంబంధం కుదిరింది. అబ్బాయిది రైల్వే ఉద్యోగం కాదు. పెళ్లి మాఘమాసంలో, అంటే అది దాటితే ఏ పాస్ మీదా నా పేరుండదు. అప్పుడు అమ్మ కత్తిలా నిలబడింది. ఈసారి ఎవ్వరికీ కార్డు ముక్క రాయొద్దు, నా బిడ్డ పేరు పాస్‌లో ఉండగానే ముగ్గురం కలిసి అజంతా చూసి తీరాలి అంది. నాన్న మూడు రోజులు అన్నం సరిగ్గా తినలేదు, తోబుట్టువులకి చెప్పకుండా దొంగల్లా పోవడమా అని. ఆఖరికి తలూపాడు.

రైలు రాయ్‌పూర్‌లో ఆగినప్పుడు అమ్మ కొంగు నెత్తిమీదికి లాక్కుని అవతలి కిటికీ వైపు మొహం తిప్పుకుని కూర్చుంది. ప్లాట్‌ఫారం మీద మా అత్త లేదు, ఎందుకుంటుంది, ఆవిడకి తెలియదు కదా. అయినా బండి కదిలాక అమ్మ వంగి వెనక్కి చూసింది. ఎవరి కోసమమ్మా అంటే ఊరికే అంది. ఆ పూట మేం కట్టుకొచ్చిన చింతపండు పులిహోర ఎవరికీ సయించలేదు. అనుకున్నది జరుగుతున్నా పెట్టెలో ఎవరమూ ఉషారుగా లేము.

మధ్యాహ్నం దాటాక నాగ్‌పూర్ వచ్చింది. నేను కళ్లు మూసుకుని బండి ఎప్పుడు కదులుతుందా అని చూస్తున్నాను. దూరం నుంచి సుత్తి చప్పుడు వినబడింది, ఒక్కో చక్రం కొట్టుకుంటూ మా పెట్టెవైపే వస్తోంది. నాన్న పేపరు అడ్డం పెట్టుకున్నాడు. అమ్మ కొంగు మళ్లీ లాక్కుంది. చప్పుడు సరిగ్గా మా కిటికీ కిందికి వచ్చి, ఆగి, దాటిపోయింది. చిన్నాన్న పైకి చూడనే లేదు. గండం గడిచిందని నేననుకునేలోపు, దాక్కోమని మమ్మల్ని అంత కట్టడి చేసిన అమ్మే కిటికీ ఊచల్లోంచి చెయ్యి బయటికి చాచి పిలిచేసింది.

"ఏటి మరిదీ, మమ్మల్ని సూడకండానే ఎల్లిపోతన్నావేటి?"

చిన్నాన్న వెనక్కి తిరిగాడు. గడ్డం మాసి ఉంది, కళ్లు లోపలికి పోయాయి. మామూలుగా అయితే ఆ పాటికి గోలగోల చేసి మా ట్రంకు పెట్టె లాగేసేవాడు. ఆ రోజు ఊచలు పట్టుకుని నిలబడ్డాడంతే. పిన్నికి కాన్పయిందని, బిడ్డ దక్కలేదని, మొన్ననే జరిగిందని, ఊరికి రాయడానికి చెయ్యి రాలేదని చెప్పాడు. పిన్ని మంచం దిగడం లేదట, మాట్లాడటం లేదట. దిగమని మమ్మల్ని ఆయన అడగలేదు. మీరెల్లండి వదినా, ఏదో పనిమీదెల్తన్నట్టున్నారు అన్నాడు.

అమ్మ లేచి పైన ఉన్న తన సంచీ తీసుకుంది. నాన్నా లేచాడు, నేనూ లేచాను. అప్పుడు అమ్మ నాన్న భుజం మీద చెయ్యేసి కూర్చోబెట్టింది. నాన్న భుజం మీద అమ్మ నలుగురిలో చెయ్యి వేయడం నేను చూసింది అదొక్కసారే.

"మీరు కూసోండి. అమ్మీ పేరు ఈ ఏటితో పాస్‌లోంచి పోద్ది. నా పేరెక్కడికి పోద్ది, మీ నౌకరీ ఉన్నన్నాళ్లూ ఉంటాది. దాన్ని తీసుకెల్లి సూపించండి. నేను తరవాత సూస్తాను."

దిగి, కిటికీ దగ్గరికి వచ్చి, నాతో ఒక్క మాటే అంది, ఆ ఏళ్లు బాగా సూడమ్మీ, ఎలా గీసినారో నాకు సెప్పాల. బండి కదిలింది. అమ్మ మాకేసి చూడకుండా చిన్నాన్న పక్కన గబగబా నడిచిపోతోంది, ఒక చేత్తో సంచీ, ఇంకో చేత్తో చీర కుచ్చిళ్లు పట్టుకుని. నేను జలగాం దాకా ఏడుస్తూనే ఉన్నాను. నాన్న పేపరు మడవనూ లేదు, చదవనూ లేదు.

అజంతా చూశాను. బయట ఎండ, లోపల చీకటి, ఉత్త కాళ్ల కింద మంచులాంటి రాయి, గబ్బిలాల వాసన. ఒకాయన దీపం పట్టుకుని గోడ మీద వెలుగు ఆనించాక చూస్తే, మా వంటింటి రాజకుమారుడు అంత ఎత్తున తల వంచి నిలబడి ఉన్నాడు. వేళ్లు చూశాను. నా వెనక జనం తోసుకుంటున్నారు, దీపం ఆయన తొందరపడుతున్నాడు, గోడ పెచ్చులు ఊడి ఉంది. నేను మాత్రం కదల్లేదు. నాన్న తన వచ్చీరాని హిందీలో ఆయన్ని బతిమాలి, ఈ పిల్ల తల్లికోసమయ్యా, ఇంకొక్కసారి ఇటు చూపించు అని మళ్లీ వెలుగు పెట్టించాడు. వేళ్లన్నీ ఒకేలా లేవు. గీత ఒకచోట సన్నగా మొదలై వంపు దగ్గర లావై మళ్లీ సన్నబడుతోంది. కణుపుల దగ్గర గీతే లేదు, రంగు నీడే ఉంది. చిటికెన వేలు ఏ పనీ లేనట్టు కొంచెం ఎడంగా నిలబడి ఉంది. ఇవన్నీ జపం చేసినట్టు మనసులో చెప్పుకుంటూ బయటికి వచ్చాను. తక్కిన గుహల్లో ఏం చూశానో నాకిప్పటికీ గుర్తులేదు.

తిరుగు ప్రయాణంలో నాగ్‌పూర్‌లో దిగాం. పిన్ని లేచి గోడకి ఆనుకుని కూర్చుని ఉంది, అమ్మ ఆమె తల దువ్వుతోంది. గడప దాటగానే అమ్మ అడిగింది, సూసినావా అని. చూశానన్నాను. పిన్ని కూడా వినాలని, ఆ తల దువ్వుతుండగానే మొత్తం చెప్పమంది. చెప్పాను. చిటికెన వేలి సంగతి చెప్పినప్పుడు అమ్మ దువ్వెన ఆపి, గాలిలో తన వేలితో అలా ఒక గీత గీసి చూసుకుంది. పిన్ని ఆ వేలికేసి చూసింది. కాన్పు తరవాత పిన్ని దేన్నైనా తేరిపార చూడటం అదే మొదటిసారని చిన్నాన్న తరవాత నాన్నతో అన్నాడట.

నాకు పెళ్లయింది. నా పెళ్లి కుండల మీద అమ్మ వేసిన పెళ్లికూతురి చేతులు చూసి కాలనీ ఆడవాళ్లు ముక్కున వేలేసుకున్నారు. పాస్ మీద నా పేరు పోయింది, అమ్మ పేరు ఆమె చెప్పినట్టే ఉంది. కానీ ఒక ఏడాది పాస్ నన్ను పురిటికి తీసుకెళ్లడానికి సరిపోయింది, ఇంకో ఏడాది పిన్ని రెండో కాన్పుకి, మా అమ్మ దగ్గరుంటే గానీ కననని ఆవిడ పట్టుబడితే వెళ్లింది. బిడ్డ దక్కాడు. ఇంకోటి మళ్లీ పలాసకి. తరవాత నాన్న రిటైరయ్యాడు, ఆ తరవాత అమ్మ మోకాళ్లు. పెళ్లయిన దగ్గర్నుంచీ, వెళ్దామమ్మా, నేను టిక్కెట్లు తీస్తానని నేనెప్పుడన్నా, సూసిందే కదే మళ్లీ ఏటి సూడటం అనేది. మొదట్లో నాకది నిష్ఠూరంగా వినిపించేది. అమ్మ అజంతా వెళ్లకుండానే పోయింది.

ఆ మాటలో నిష్ఠూరం లేదని, నాన్న ఇంకా ఉద్యోగంలో ఉన్న రోజుల్లోనే, నాకు ఒకసారి పురిటికి వెళ్లినప్పుడు తెలిసింది. పక్క క్వార్టర్ బెంగాలీ దీదీ వచ్చి అరుగు మీద కూర్చుంది. నేను లోపల బిడ్డకి పాలిస్తున్నాను. అమ్మ ఆవిడకి అజంతా చెబుతోంది. కాళ్ల కింది చల్లదనం, గబ్బిలాల వాసన, దీపం పట్టే మనిషి తొందర, అన్నీ. నేను చెప్పినవే, కానీ నేను చెప్పనివీ ఉన్నాయి. లోపలికి వెళ్లాక కళ్లు అలవాటుపడేదాకా ఏమీ కనబడదని, మెల్లిగా ముందు కిరీటం, తరవాత కనురెప్పలు, అన్నిటికన్నా చివర చేయి తేలుతుందని చెప్పింది. నిజమే, అలాగే తేలింది, నాకే చెప్పడం తట్టలేదు. దీదీ అబ్బురపడి, ఎవరితో వెళ్లారు మాషీ అని అడిగింది. అమ్మ ఒక్క క్షణం కూడా తడుముకోకుండా, ఆమార్ మేయేర్ షొంగే గియేఛిలామ్ అంది. మా అమ్మాయితో వెళ్లాను అని.

తరవాత మావారితో, పిల్లలతో ఎన్ని ఊళ్లు తిరిగానో, ఎన్ని మ్యూజియాలు చూశానో. ఢిల్లీ, మద్రాసు, హైదరాబాదు, బొంబాయి. అజంతాకి కూడా ఇంకోసారి వెళ్లాను, ఇప్పుడు లోపల దీపాలు బాగానే పెట్టారు. ఎక్కడికి వెళ్లినా ఒక బొమ్మ ముందు నిలబడగానే దీన్ని ఎలా చెప్పాలి, ఏది ముందు చెప్పాలి అని నా మనసు లెక్కలు కట్టుకోవడం మొదలుపెడుతుంది. ఇంటికి వచ్చేసరికి అందరి చేతుల్లోని ఫోన్లలోనూ అవే బొమ్మలు, నేను చూసినదానికంటే స్పష్టంగా, కావలసినంత పెద్దవి చేసి చూసుకోవచ్చు. ఇప్పుడు ఎవరి చూపు వాళ్లదే, ఒకరికి బదులు ఇంకొకరు వెళ్లి చూసి రావలసిన అవసరమే లేదు. మంచిదే, ఏ అమ్మా తన వంతు వదులుకోనక్కర్లేదు. నేను మాత్రం ఈ వయసులో కూడా ఎక్కడికి పంపినా వెళ్లి, జనం ఎంత తోసినా కదలకుండా నిలబడి, వేళ్ల చివరలదాకా చూసి రాగలను. వచ్చాక, సూసినావా, ఎలాగున్నాదో సెప్పు అని గడపలో అడిగే మనిషే లేదు.